గేటు దగ్గరి మనిషి

మైదానం బాగుచేస్తామని మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది.

ఆటల మాస్టారు వాకిట్లో నిలబడే రెండుసార్లు చదివాడు. వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చిన ఆయన కొత్త భార్య మూడోసారి పైకి చదివింది. పరుగుపందేలకు నాలుగు వరసల ట్రాక్, రెండు నెట్లు, మంచినీళ్ల కుళాయి, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది. నెల్లాళ్లుగా ఆయన పాత క్యాలెండరు వెనక గీస్తున్నవన్నీ అందులో ఉన్నాయి.

"గదికి పసుపు రంగు వేయిద్దామండీ," అంది. కాపురానికొచ్చి ఇరవై రోజులు. ఏ గోడ చూసినా ఆమెకి రంగు వేయాలనిపిస్తోంది.

"కింద ఇంకో పేరా ఉంది," అన్నాడు మాస్టారు.

మూడు రోజులపాటు గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెడతారు. రోజుకి అయిదొందల మంది రాకపోతే మైదానాన్ని లారీలు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారు.

రోజూ అక్కడ ఆడేది మాస్టారి దగ్గర పరుగు నేర్చుకునే ముప్పైమంది ఆడపిల్లలూ, ఇంకో యాభైమందీ.

ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. "ముందు గేటులోంచి లోపలికి వెళ్దాం. వెనక గోడకి కంత ఉందిగా. అందులోంచి సందులోకి దూరి, చుట్టూ తిరిగి మళ్లీ గేటుకొద్దాం. పేటంతా తలా పదిసార్లు తిరిగితే వాళ్ల లెక్క నిండిపోతుంది."

"దొంగ లెక్క అది."

"కొత్త పెళ్లాం నోరు తెరిచి మొదటిసారి ఒకటడిగింది. కాదంటారా?"

"మోకాళ్లకి నడక మంచిదని డాక్టరు ఎప్పణ్ణించో మొత్తుకుంటున్నాడు," అంది మంచం మీంచి అత్తగారు. "నన్నూ లెక్కలో వేసుకో."

"మీ ఇష్టం. నేను మాత్రం తిరగను," అన్నాడు మాస్టారు. "మైదానంలోనే ఉంటా."

మర్నాడు గేటు పక్కన ఇనప కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బూడిదరంగు చొక్కా, మెడదాకా పెట్టిన గుండీలు, గుప్పిట్లో లెక్కపెట్టే చిన్న మిషను. ఎవరైనా గేటు దాటితే టిక్. తల ఎత్తడు. పలకరిస్తే పలకడు. వచ్చేవాళ్ల కాళ్లే చూస్తాడు.

"కాళ్లు గుర్తుపడతాడేమోనే," అంది అత్తగారు కోడలి చెవిలో.

దాంతో వెనక సందులో చెప్పులు మార్చుకోవడం మొదలైంది. కోడలి కొత్త ఎర్ర చెప్పులు అత్తగారి కాళ్లకెక్కాయి. "నా పెళ్లిక్కూడా ఇంత మంచివి కొనలేదే," అందావిడ. సాయంత్రం దాకా తిరిగివ్వలేదు. పిల్లలకి నవ్వాగలేదు. ఆ సందులోనే ఒక పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

రెండో రోజూ ఆయన చేతిలో అదే పేజీ ఉంది.

"కూడబలుక్కుని చదువుతున్నాడు పాపం," అందామె, అత్తగారిని మోచేత్తో పొడిచి.

ఆరోసారి గేటు దాటుతుంటే ఇనప కుర్చీ కిర్రుమంది.

"అమ్మా."

ఆమె ఠక్కున ఆగింది. ఆ మనిషి కళ్లు ఇంకా ఆమె చెప్పుల మీదే ఉన్నాయి.

"ఇది ఒకసారి నొక్కితే వెనక్కి తిరగదు. తెలుసుగా?"

"మేం తప్పు చేస్తే కదండీ భయం. నొక్కండి."

టిక్.

లోపల మైదానం మధ్యలో మాస్టారు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర బంతి. నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది.

"రెండు రోజులైంది, ఒక్క పిల్లా దీన్ని ముట్టుకోలేదు," అన్నాడు. "నాకిదేం బాగా అనిపించట్లేదు."

"ఇంకొక్క రోజు ఓపిక పట్టండి. ఆ తర్వాత ముసలివాళ్లయ్యేదాకా ఆడిద్దురుగాని."

"అది చూశావా?"

గేటు నుంచి కంత దాకా గడ్డి చచ్చిపోయి, దారం పట్టి గీసినట్టు తెల్లటి చార పడింది. ఆమెకి అది పాపిట తీసినట్టు ముద్దుగా కనిపించింది. చేతులు చాపి, మునివేళ్లకి మడమ ఆనించి అడుగులేస్తూ దాని మీదే నడుచుకుంటూ పోయింది. మాస్టారు నవ్వలేదు.

మూడో రోజు సంచులు పట్టుకుని బజారుకి పోయేవాళ్లు కూడా దగ్గరి దారని ఇటే వచ్చారు. చీకటి పడకముందే గేటు దగ్గరి మనిషి లేచి నిలబడ్డాడు. పేటంతా గేటు బయట అతని చుట్టూ మూగింది. మాస్టారు బంతిని కాలితో దొర్లించుకుంటూ గేటు లోపలి అంచుదాకా వచ్చాడు.

"ఇవాళ లోపలికి వచ్చింది రెండువేల నూట నలభై ఒకటి."

చప్పట్లు మోగాయి. అత్తగారు ఎర్ర చెప్పులతోనే రెండడుగులు గెంతింది. కోడలు గేటు లోపలున్న భర్త చొక్కా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "పసుపు రంగు, గుర్తుపెట్టుకోండి," అంది.

అప్పుడు కంతలోంచి పేపరు పెద్దమనిషి వచ్చాడు. తెల్లటి చార మీదే, తొందర లేకుండా నడుచుకుంటూ వచ్చాడు. గేటు దగ్గరి మనిషి చేతులు కట్టుకుని, "ఇంజనీరుగారు," అన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి.

ఇంజనీరు పేపరు మడత విప్పాడు. లోపల అలాంటి మిషనే ఇంకొకటి ఉంది.

"బయటికి వెళ్లింది రెండువేల నూట నలభై," అని చదివి, మాస్టారినీ ఆయన కాళ్ల దగ్గరి బంతినీ చూశాడు. "ఆగినవాళ్లు ఒక్కరు."

"మంజూరైనట్టేగా అండీ?" అంది ఆమె.

"ఇంతమంది కాళ్లతో చెప్పాక కాదంటామా తల్లీ," అన్నాడు ఇంజనీరు ఆప్యాయంగా. "మీ పేటకి కావలసింది మైదానం కాదని తేలిపోయింది. రేపు పొద్దున్న ఆరింటికి ఆ గోడ కొట్టేసి, ఈ గేటు నుంచి అక్కడిదాకా రోడ్డు మొదలుపెడుతున్నాం."