మూడు గీతల గొడ్డలి

"నా గొడ్డలిని బకెట్టులో ఏటి సేత్తన్నావే?" అన్నాడు దొన్ను.

"బట్టల సోడా నీళ్ళల్లో ముంచి బ్యాటరీ కరెంటు పెట్టాను మావా. తుప్పు ఊడొచ్చేస్తాది," అంది కోడలు గాయత్రి.

ఆ బ్యాటరీ పొరుగింటి లైకోను ఆటోది. తన గొడ్డలి దొన్నే కాజేశాడని ఎనిమిదేళ్ళుగా తిడుతున్న లైకోను, బ్యాటరీకి కాపలాగా అక్కడే కూర్చున్నాడు. ఆ నింద పోవాలని దొన్ను కొండదేవతకి రెండు కోళ్ళు కూడా కోశాడు.

గాయత్రి గొడ్డలి తీసి రుద్దింది. కమ్మరి కొట్టిన మూడు గీతలు బయటపడ్డాయి. అది లైకోను ఇంటి గుర్తు.

కోళ్ళు దండగ.

"తీసుకో బావా," అన్నాడు దొన్ను. "అప్పుడు పెళ్ళికి కట్టెలు కొట్టినకాడ మన గొడ్డళ్ళు మారిపోయినట్టున్నాయి. మరి నాదేటైంది?"

లైకోను గబగబా వైర్లు పీకాడు. "ఇది నువ్వే ఉంచుకో."

"అయితే మా మావది నీకాడే ఉంది. తే, దాని తుప్పూ తీసేత్తాను," అంది గాయత్రి.

"దానికి తుప్పెక్కడిది? రోజూ వాడతన్నాను," అన్నాడు లైకోను. "మీదే బాగా తెగుతాది."