భుజం తడితే

గంగ్‌వన్ కొండల్లోని మా సైనిక శిబిరంలో పై అధికారి ఎవరైనా భుజం తడితే హోదా, పేరు గట్టిగా చెప్పాలి. ఆలస్యమైతే తన్నులే.

డాక్టరు సెలవులో ఉంటే రోగుల్ని మిలిటరీ ఆసుపత్రికి పంపేది సార్జెంట్ తక్. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న సిపాయి బోంగ్‌ని, "నాటకాలాపరా," అని పంపలేదు. సాయంత్రానికి బోంగ్ పోయాడు. మంచుకి దారి మూసుకుపోయి, శవం వైద్యగదిలోనే ఉండిపోయింది.

రాత్రి కాపలా తక్‌కీ నాకూ పడింది. "చచ్చి కూడా నిద్రపోనివ్వడు వెధవ," అంటూ తక్ దుప్పటి సర్దాడు. చెయ్యి శవం భుజానికి తగిలింది.

"సిపాయి బోంగ్ జేహున్," అంది దుప్పటి కింది గొంతు.

తక్ వెనక్కి గెంతి గోడకి వీపు ఆనించాడు. కాసేపటికి ఉన్నట్టుండి నిటారుగా బిగుసుకుపోయి, "సార్జెంట్ తక్ మున్‌షిక్," అని అరిచాడు.

తక్ భుజం మీద నాకు ఏ చెయ్యీ కనబడలేదు.