వాలు మీద కారు

కారు తాళాలు ఆవిడ చేతికిస్తూ మరిది బ్రేకు సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

తమ పాత కారులోలాగా చేత్తో లాగే కడ్డీ ఇందులో లేదు. గేరు పక్కన వేలెడంత మీట ఉంది. దాన్ని పైకి లాగితే పార్కింగ్ బ్రేకు పడుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. కాలితో బ్రేకు తొక్కి మీట కిందికి నొక్కితే వదులుతుంది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో వదినా. గేరు వేసి ఎక్సలేటర్ తొక్కావంటే దానంతటదే వదిలేస్తుంది. మళ్ళీ ఆపినప్పుడు మళ్ళీ లాగాల్సిందే."

ఆవిడ తల ఊపింది.

భర్త ఆస్పత్రిలో చేరినప్పటి నుంచీ ఎవరేం చెప్పినా తల ఊపడమే. చెవిన పడ్డది బుర్రకెక్కాలంటే కంటికి నిద్రుండాలి కదా.

ఐసీయూలోకి సాయంత్రం ఒక్క అరగంట పంపిస్తారు. ఆ తర్వాత తలుపు మూశారంటే ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా తియ్యరు. రోజంతా ఆవిడ ఈడ్చుకొచ్చేది ఆ అరగంట కోసమే.

ఆ రోజు దారంతా వాహనాలు కిక్కిరిసిపోయి, చేరేసరికే ఆలస్యమైంది.

ఆస్పత్రి గుమ్మం ముందు దారి వాలుగా ఉంటుంది. అక్కడే కాస్త ఖాళీ కనిపిస్తే కారు ఆపి మీట లాగింది. ఎర్ర దీపం వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపే వెనక అంబులెన్సు డ్రైవరు హారన్ కొట్టి, ఇంకొంచెం పైకి జరపమని చెయ్యి ఊపాడు.

జరిపింది. ఇంజన్ కట్టేసి, గేరు న్యూట్రల్లోనే వదిలేసి, ఉరుకులు పరుగుల మీద లోపలికి వెళ్ళింది. బ్రేకు ఇందాకే వేశాను కదా అనుకుంది.

పాత కారైతే బ్రేకు తియ్యకుండా నడిపితే మూలిగేది, మాడు వాసన కొట్టి గోల చేసేది. ఇది నోరెత్తకుండా బ్రేకు వదిలేసింది. చక్రం ఏ చిన్న గతుకులోనో ఆగింది కాబోలు, ఆవిడ దిగినప్పుడు మాత్రం కదల్లేదు.

లోపల భర్త ఆ పూట కళ్ళు తెరిచే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే తిరిగి పట్టుకున్నాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

మధ్యలో మైకులో ఎవరో ఒక కారు నంబరు చదివి, ఆ కారు తాలూకు వాళ్ళు వెంటనే కిందికి రావాలన్నారు. మళ్ళీ చదివారు.

"ఎవరో బుద్ధిలేని మనిషి. ఎక్కడో అడ్డంగా పెట్టి ఉంటారు," అంది ఆవిడ.

భర్త నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు. ఆ నవ్వు వదిలి రాబుద్ధి కాక, సిస్టరు వచ్చి కసిరేదాకా అక్కడే కూర్చుంది. అందరూ వెళ్ళిపోయాక ఆఖరున బయటికి వచ్చింది.

కిందికి దిగేసరికి ఒక పెద్దమనిషి కారు డిక్కీకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

ఆవిడకి ఒళ్ళు మండింది. అలసిపోయిన మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఏమండీ, ఆనుకోడానికి మా కారే దొరికిందా? మా మరిదిది. సొట్ట పడితే నేనేం చెప్పుకోవాలి?"

ఆయన కదల్లేదు.

"ముందు లోపల కూర్చుని బ్రేకు వెయ్యండమ్మా. నేను తప్పుకుంటే ఇది కిందికి పోతుంది."

ఆవిడ వాలు చివరి వైపు చూసింది. ఇంటికి వెళ్ళాల్సిన రోగులు అక్కడ చక్రాల కుర్చీల్లో వరసగా కూర్చుని బండ్ల కోసం ఎదురుచూస్తున్నారు.



గబగబా ఎక్కి మీట లాగింది. దీపం వెలిగింది. అప్పుడుగాని ఆయన పక్కకి తప్పుకోలేదు. నడుము నిటారుగా చేయలేక గట్టు మీద చతికిలబడ్డాడు.

తనూ ఆ రద్దీలోనే చిక్కి ఆలస్యంగా లోపలికి వెళ్తూ, మెల్లగా వెనక్కి జారుతున్న కారు చూశాడట. వీపు అడ్డం పెట్టాడట. దారిన పోయే ఒకాయన్ని బతిమాలితే, ఆయన మైకులో చెప్పించి తన దారిన తాను పోయాడట. రాయి తెచ్చి పెట్టమంటే, చూస్తామన్న వాళ్ళు మళ్ళీ మొహం చూపించలేదట. కారుకి ఆనుకుని సేద తీరుతున్నాడనుకుని మిగతా జనం చక్కగా నడిచిపోయారు.

మైకులో చదివిన నంబరు ఎవరిదో ఆవిడకి అప్పుడు తెలిసింది. అడిగి తెచ్చుకున్న కారు నంబరు ఎవరు చూస్తారు?

క్షమించమని అడగబోతే ఆయన చేత్తోనే వద్దన్నాడు.

"పైన ఐసీయూలోకి ఇంకా పంపిస్తున్నారామ్మా?"

"లేదండీ, మూసేశారు. నేనే ఆఖరు. ఇక రేపు సాయంత్రమే."

"రేపా," అన్నాడు. రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి పోయాడు.

పైన ఎవరున్నారని అడగాలని కూడా ఆవిడకి తోచలేదు. అంత అలసట. కారు తిరిగి ఇచ్చేయాలన్న తొందర ఒకటి.

రాత్రి పడుకున్నాక సిగ్గేసింది. కనీసం మంచినీళ్ళు కావాలా అనైనా అడగలేదు.

మర్నాడు పెందలాడే వెళ్ళింది. మీట లాగి, దీపం చూసి, గేరులో పెట్టి, దిగాక కారుని ఒకసారి తోసి మరీ చూసుకుంది. ఐసీయూ ముందు వరసలో ఆయన కోసం వెతికింది. ఆయన లేడు.

తలుపు దగ్గర వాచ్‌మన్‌ని అడిగింది, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఒకాయన వస్తారే అని.

"ఆయనా? వాళ్ళావిడ రాత్రే పోయిందమ్మా. నిన్న సాయంత్రం కాస్త తెలివొచ్చి, ఆయన వచ్చాడా, వచ్చాడా అని సిస్టర్‌ని ఒకటే అడిగిందట. ఈయన తలుపు మూశాక వచ్చాడు. రూలు రూలే కదా, నేను తియ్యలేదు," అని వాచ్‌మన్ తల దించుకున్నాడు. "రోజూ అందరికన్నా ముందొచ్చి ఇక్కడ నిలబడేవాడు, నిన్నొక్కరోజే ఎక్కడ నిలబడిపోయాడో ఏమో."