మౌస్ పెడితే పేరు

“దశరథా, నీ పేర్ల హెచ్‌లు ఎన్ని?”

“రెండుండాలె అక్కా. టెన్త్ మెమోల ఒకటే పడ్డది. క్లర్కుకు నిద్రొచ్చినట్టుంది.”

“మెమోల ఎట్లుంటే అట్లనే పెడ్త.”

రెబెక్క ఒక్కో అక్షరం వెతికి కొట్టింది. పేరు, తండ్రి పేరు, ఊరు, హాస్టల్ రూమ్ నంబరు.

“రూమ్ నంబరెందుకక్కా?”

“తెలంగాణ వచ్చినంక సన్మానానికి పిలవాలంటే మిమ్మల్ని యాడ ఎతుకుతరు?”

కుర్రాళ్లు గొల్లున నవ్వారు.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఇన్‌స్టిట్యూట్‌లో వెబ్ డిజైనింగ్ బ్యాచ్ మొత్తానికీ రెబెక్కే పెద్దది. ఇరవై తొమ్మిదేళ్లు. అందరికీ అక్క. మొదటివారం మౌస్ ఒకవైపు జరిపితే బాణం ఇంకోవైపు పోయేది. కోడ్‌లో ట్యాగ్ తెరిచేది, మూయడం మరిచేది. ఒకసారి పేజీ మొత్తం లావు అక్షరాలైపోతే ఏడుపొక్కటే తక్కువ. దశరథే పక్కన కూర్చుని నేర్పాడు. తన టిఫిన్ కూడా సగం పెట్టాడు.

ప్రాజెక్టుకి తలా ఒకటి ఎంచుకున్నారు. ఒకరు హోటల్, ఒకరు చీరల దుకాణం. రెబెక్క మాత్రం ఉద్యమం అంది. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు నాడు తీసిన ఫొటో. నడిరోడ్డు మీద పొయ్యిలు, జెండాలు, వెనక అద్దాలు పగిలిన బస్సు, ముందు వరసల్లో హాస్టల్ కుర్రాళ్లు. ఒక్కో తల చుట్టూ ఒక్కో గడి గీసింది. మొహం మీద మౌస్ పెడితే చాలు, వివరాలు పైకి వస్తాయి.

పాఠం చెప్పే చక్రపాణి గారిది గుంటూరు. “బాగా వచ్చిందమ్మా. కానీ ఇన్ని వివరాలెందుకు? పేరు చాలదూ?” అన్నారు.

“చరిత్ర సార్. రేపు ఎవలూ మర్చిపోవద్దు కద.”

ఆయన తలూపి పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్లారు.

సాయంత్రం సాయినాథ్ వచ్చాడు. దశరథ రూమ్మేట్. ఎస్సై పరీక్షకి చదువుతున్నాడు.

“అక్కా, నన్ను ఇడిసిపెట్టినవ్!”

“నువ్వు ఫొటోల యాడున్నవ్?”

“గా జెండ ఎనక. పప్పు కలుపుతున్న. గంటె కనబడ్తలేదా?”

కనబడింది. గంటె మాత్రమే.

“ఇడిసెయ్ తమ్మీ. కనబడనోన్ని కనబడకుండనే ఉండనియ్.”

“గట్లంటవేందక్కా! నలభై ఒక్కమంది కనబడంగ నేనొక్కన్నే ఏం పాపం చేసిన? రేపు ఎస్సై అయినంక అందరికీ చూపిచ్చుకోవద్దా, నేను గూడ కొట్లాడిన అని?”

రెబెక్క కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

సార్ మాటిచ్చారు. ప్రాజెక్టులో లోటు లేకపోతే ఇక్కడే ఉద్యోగం. లోటుంటే మళ్లీ ఏటూరునాగారం అడవులకే. నాలుగేళ్ల కూతురు చంపాపేట్‌లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మొన్న వెళ్తే తలుపు సందులోంచి చూసి, “అమ్మమ్మా, ఎవరో ఆంటీ వచ్చింది” అని కేకేసింది.

“చెప్పు,” అంది రెబెక్క. “మెమోల ఎట్లుంది?”

సాయినాథ్ ఎగిరి గంతేశాడు. స్పెల్లింగ్ తనే చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. రూమ్ నంబరు చెప్పాడు. “పర్మనెంట్ అడ్రస్ గూడ పెట్టక్కా, ఊర్ల మా నాయిన మురుస్తడు,” అన్నాడు. జెండా చుట్టూ నలభై రెండో గడి గీసింది రెబెక్క. బయటికెళ్లి ఆమెకి చాయ్ తెచ్చిచ్చాడు వాడు.

సోమవారం పొద్దున్నే సార్ ముందు పేజీ తెరిచింది. ఆయన మొదటి మొహం మీద మౌస్ పెట్టారు. తర్వాత రెండోది. మూడోది. వరస చివరిదాకా వెళ్లేసరికి కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు.

“శభాష్! ఇక నువ్వు సిటీలోనే. పాపని తెచ్చేసుకో.”

రెబెక్క కళ్లు తుడుచుకుంది.

ఆయన మౌస్ జెండా మీద ఆగింది. “ఇక్కడ మనిషే లేడు. పేరొస్తోందేంటి?”

“ఆ దినం ఆడ్నే ఉన్ననని వాడే వచ్చి చెప్పిండు సార్, ఎఫ్ఐఆర్‌ల నలభై రెండో పేరు రాస్కోండ్రి,” అంది ఇన్‌స్పెక్టర్‌తో కానిస్టేబుల్ రెబెక్క.