నవాబుకు నల్లా నీళ్ళు

"ఉచ్చ పోస్తలేదు సారూ. పొద్దటి సంది కూసుంటది, లేస్తది, ఒర్లుతది. సుక్క రాదు."

హన్మయ్య గోనెసంచి మూతి విప్పి పిల్లిని బల్ల మీద పెట్టాడు. అప్పటిదాకా ఎడ్ల గిట్టలు చూస్తున్న పశువుల డాక్టరు ఉమామహేశ్వర్ చేతులు కడుక్కుని వచ్చి, దాని పొట్ట తడిమి మొహం చిట్లించాడు. సన్నటి గొట్టం వేసి అడ్డు తీసేసరికి అరగంట పట్టింది.

"ఏం పెడుతున్నావయ్యా దీనికి?"

"ఎండుచాపలు సారూ. మా నవాబుకు అవ్వంటే పానం."

"నీళ్ళు?"

"ముట్టదు."

"అదే మరి. ఒంట్లో నీళ్ళు చాలక మూత్రం చిక్కబడి ఇసుకలా పేరుకుంది. ఇక ఎండుచేప వాసన కూడా తగలనివ్వకు. పచ్చిచేపో, కోడిమాంసమో ఉప్పు లేకుండా ఉడికించి, ఆ నీళ్ళతో సహా పెట్టు. పైన నీళ్ళు ఎలాగైనా తాగించు. మళ్ళీ అడ్డుపడితే బతకడం కష్టం."

హన్మయ్య చిల్కానగర్‌లో నల్లా వాల్వులు తిప్పే మనిషి. వీధులకు వీధులు తడిపే ఆ మనిషి ఒక్క పిల్లి చేత గుక్కెడు నీళ్ళు తాగించలేకపోయాడు. గిన్నెలో పోసి పెడితే నవాబు వాసన చూసి తల తిప్పుకుంది. చెంచాతో పట్టబోతే మోచేతి దాకా గీరింది. ఉడికించిన కోడిమాంసంలో ముక్కలు ఏరుకుని తిని, నీళ్ళు అలాగే వదిలేసింది.

మర్నాడు గల్లీకి నల్లా వచ్చింది. నవాబు వాకిట్లో నల్లా గద్దె మీదికి దూకి, ధార కింద నాలుక చాచి, పావుగంట తాగింది. ఆ తర్వాత ఇసుక కుప్ప ఎక్కి నిమ్మళంగా పని కానిచ్చింది. హన్మయ్య ఆ తడిసిన ఇసుకకు దండం పెట్టాడు.

చిక్కేమిటంటే, ఆ గల్లీకి నల్లా మూడు రోజులకోసారి, అదీ గంటసేపు. పెళ్ళయినా చావయినా హన్మయ్య ఒక్క నిమిషం ఎక్కువ వదిలి ఎరగడు. పక్కింటి కౌసల్యమ్మ ఆ విషయంలోనే గొడవపడి అతనితో మాట్లాడడం మానేసింది. చెంబుతో ధారగా పోసి చూశాడు. నవాబు ధారను కాదు, చెంబును చూసి లేచిపోయింది.

తెల్లవారగానే ఇనుప చావి పట్టుకుని వాల్వు గుంత దగ్గర కూర్చున్నాడు. చెయ్యి రాలేదు. నవాబు కళ్ళు గుర్తొచ్చాయి. అర చుట్టు తిప్పాడు.

గల్లీ మొత్తం బిందెలు పట్టుకుని బయటపడింది. కోపం మరిచిపోయి కౌసల్యమ్మే ముందు అడిగింది.

"ఏందన్నా, ఇయ్యాల మన వంతు గాదు గద?"

హన్మయ్యకు అబద్ధం చెప్పడం రాదు. "మీకు గాదు. నవాబుకు."

కౌసల్యమ్మ నల్లా కింద నాలుక చాచిన పిల్లిని చూసింది. సంగతంతా విన్నది.

"ఎన్ని దినాలు తాగాల్నట?"

"డాక్టరు సారు సూసి సాలనేదాంక."

"పాపం, మెల్లగ తాగనియ్యి. తొందరేమున్నది," అంటూ ఆమె ఇంట్లోంచి ఇంకో రెండు బిందెలు తెచ్చుకుంది.

ఆనాటి నుంచి నవాబు ఆరోగ్యం గల్లీ బాధ్యత అయింది. సారలమ్మ చేపలు ఉడికించి తెచ్చేది. "ఉప్పెయ్యలే అన్నా, నాలిక మీద ఏసుకొని మరీ సూసిన," అనేది. దుర్గమ్మ కోడిమాంసం మెత్తగా మెదిపి, నీళ్ళు కలిపి ఇచ్చేది. కొత్తగా దిగిన కిరాయిదారు ఎండుచేపలు వేయిస్తుంటే కౌసల్యమ్మ వెళ్ళి పొయ్యి ఆర్పేసి వచ్చింది. పొద్దున్నే మనుషులు ఒకరికొకరు ఎదురైతే కుశలం అడగడం మానేసి, "పోసిందా?" అని అడిగేవారు. "పోసింది" అనే జవాబు విన్నాకే ఎవరి పనికి వాళ్ళు పోయేవారు.

పదిహేనో రోజున డాక్టరు మళ్ళీ చూశాడు.

"బ్రహ్మాండంగా ఉందయ్యా. తిండిలో నీళ్ళు వదలకుండా తింటోందా?"

"గిన్నె గూడ నాకుతున్నది సారూ."

"ఇంకేం, ఒంటికి కావాల్సిన నీళ్ళు అందులోనే వెళ్తాయి. ఆ తిండి మాత్రం మానకు. నల్లా ధార కోసం పాట్లు పడక్కర్లేదు."

హన్మయ్య గుండెల మీంచి బండ దిగినట్టయింది. పిల్లి బతికింది, వంతు తప్పి రోజూ వాల్వు తిప్పే తన తప్పూ తీరింది. గల్లీలోకి రాగానే ఆడవాళ్ళందరినీ పిలిచి ఆ కబురు చెప్పాడు.

"మీ దయ. నవాబుకు పూరా నయమైంది. రేపటి సంది ఎప్పటి లెక్కనే, మూడొద్దులకోసారి నల్లా."

దుర్గమ్మ తెచ్చిన గిన్నె మీద మూత పెట్టి, వెనక్కి పట్టుకుపోయింది.

మర్నాడు పొద్దున వాకిట్లో ఒకటే మ్యావుమనే గోలకు హన్మయ్య తలుపు తీశాడు. ఏడుగురు ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. మొదటి ఆరుగురి చంకల్లో ఆరు పిల్లులు. సారలమ్మ పిల్లి మెడకు చీరపేలిక కట్టి ఉంది, ఎక్కడ పట్టుకొచ్చిందో గానీ అది ఆమెను కరవడానికి చూస్తోంది.

"పోస్తలేదన్నా," అంది సారలమ్మ దిగులుగా.

"మాది గూడ. రెండొద్దులాయె," అంది దుర్గమ్మ. ఆ పిల్లి అప్పుడే ఆమె కొంగు తడుపుతోంది.

వరుస చివర కౌసల్యమ్మ ఒట్టి చేతులతో ఉంది. ఆమె వెనక, నాచారంలో కంపెనీకి పోవడానికి తయారైన మొగుడు కనకరాజు తల వంచుకుని నిలబడ్డాడు. కౌసల్యమ్మ అతని రెక్క పట్టుకుని ముందుకు తోసింది.

"మాకు పిల్లి దొర్కలేదన్నా. నిన్నటి సంది ఈయనకే బందైంది."