మూడోనాటి ప్రార్థన

“ఆ కేకలు ఆపించండి,” అన్నారు అబూనా విస్సా, అంత్యక్రియల ప్రార్థన మధ్యలో నిలిపి.

గుడి మొత్తం ఆడవాళ్ల వైపు తిరిగింది. శవపేటిక మీద పడి ఉమ్ రిజ్క్, అంటే రిజ్క్ తల్లి, గుండెలు బాదుకుంటోంది. సున్నపురాయి గనిలో బండ మీదపడి పోయిన రిజ్క్ ఆమె పెద్దకొడుకు. “నా ఇంటి బరువు మోసిన ఒంటెవు కదరా,” అని మిన్యా జిల్లా పల్లెల్లో తల్లులంతా ఏడ్చేటట్టే ఏడుస్తోంది. పొద్దున నెత్తిన పోసుకున్న మట్టి ఇంకా జుట్టులోనే ఉంది.

ముందు వరసలో బిషప్పుగారున్నారు. గుడిలో శోకాలు పెట్టకూడదని ఆయన ఆజ్ఞ. ఆ ఆజ్ఞ తు.చ. తప్పకుండా నడిచే ఊరు తమదేనని అబూనాకు కాస్త గర్వం కూడా.

“మనం పునరుత్థానాన్ని నమ్మినవాళ్లం. ఆశ లేనివాళ్లలా ఏడిస్తే దేవుణ్ణి నమ్మనట్టే. ఏడవకు,” అన్నారు సూటిగా ఆమెతోనే.

ఆమె ముసుగు చెంగు నోట్లో కుక్కుకుంది. తల నెరిసినవాళ్లు కూడా చెయ్యి ముద్దుపెట్టుకుని ‘అబూనా’, మా తండ్రీ, అని పిలిచే మనిషాయన. ఆ మాట కాదనడం ఎవరి తరం?

వెళ్లేటప్పుడు బిషప్పుగారు అబూనా భుజం తట్టారు. “గుండె నిబ్బరమంటే నీదేనయ్యా.”

మూడోనాడు ఇంటికి వెళ్లి, ప్రార్థన చేసి, నీళ్లు చల్లి, శోకాన్ని ఇంట్లోంచి పంపెయ్యడం ఆచారం. అబూనా వెళ్లారు. ఉమ్ రిజ్క్ ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుంది. చావింట ఇచ్చే చక్కెర లేని కాఫీ తెచ్చిచ్చింది. ప్రార్థనలో మాత్రం పెదవి కదపలేదు.

“మొన్న ఊరంతా వినేట్టు అరిచింది. ఇవాళ చుక్క కన్నీరు లేదు. అన్నీ వేషాలే,” అంది వెనకనుంచి ఒకావిడ. లోకం తీరే అంత, ఏడ్చినా తప్పే, ఏడవకపోయినా తప్పే. ఆ మాట విని అబూనా తలెత్తలేకపోయారు.

ఆ సాయంత్రం ఆయన గుడిలో తెర వెనక వస్త్రాలు మడతపెడుతుంటే ఆమె వచ్చింది. ఎవరూ లేరనుకుని నేలమీద చతికిలబడింది.

“దేవుడా, అబూనా ఏడవద్దన్నారు, మానేశాను. ఏడుపుతో పాటు ప్రార్థన కూడా గొంతులోనే ఆగిపోయింది. ఇలాగే ఉంటే ఇంక నీ గుమ్మం తొక్కను. అందుకే తిట్టిపోదామని వచ్చాను. ఆ బండ దొర్లేటప్పుడు నువ్వెటు చూస్తున్నావయ్యా? నీ కొడుకు మూడోనాడు లేచాడు. నా కొడుకు లేచాడా?”

తెర పక్కన పటంలో ఉన్న ఆ కొడుకు వైపు తిరిగింది.

“నీ స్నేహితుడు పోతే నువ్వు మాత్రం ఏడవలేదా? నిన్నెవరైనా ఆపారా?”

తర్వాత గొంతు తగ్గించింది. “మా అబూనాని మాత్రం ఏమీ అనకు. పాపం, ఆయన కూడా రొట్టెముక్క ముట్టలేదట. కాస్త కనిపెట్టుకుని ఉండు.”

అబూనాకు నిలువునా సిగ్గేసింది. ఇన్నేళ్లూ తాను ఊరికి నేర్పిన చక్కని ప్రార్థనలన్నీ ఈ తిట్ల ముందు తేలిపోయాయి. తెర తీసి బయటికొచ్చి ఆమె ఎదుట నేలమీదే కూర్చున్నారు.

“అయ్యో, విన్నారా? తప్పయింది అబూనా.”

“తప్పు నాది. బిషప్పుగారి ముందు నా పరువు కోసం నీ నోరు నొక్కాను. అదొక్కటే కాదు. నువ్వు ఇంకో కేక వేసుంటే నేనూ ఆ పెట్టె మీద పడిపోయేవాణ్ణి.”

ఆమె చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకున్నారు. ఆమె వెనక్కి లాక్కోలేదు. ఆయన తలమీది నల్లటోపీ తీసి పక్కన పెట్టింది.

“ఏడువు వహీబూ,” అంది, గురుపట్టంతో పేరు మారిన రోజు నుంచి ఊరితో పాటు తానూ ‘అబూనా’ అనే పిలుస్తున్న తన చిన్నకొడుకుతో, “పోయింది నీ అన్న కదరా.”