చివరి తొమ్మిది రోజులు

“ఈ కాగితం నీకెక్కడిది?” రాధాకృష్ణ కాఫీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

నిధి కాగితాన్ని వెనక్కి తీసుకోలేదు. నలభై ఒక్క ఏళ్ల కిందటి ఆయన మొదటి సినిమా షూటింగ్ రిపోర్టు కాపీ అది. చివరి తొమ్మిది రోజులూ దర్శకుడి సంతకం ఉండాల్సిన చోట ఆయన అసిస్టెంట్ హెలెన్ సంతకం ఉంది.

“మా పేపర్ వాళ్లు సంపాదించారు అంకుల్. ఆ నైన్ డేస్ మీరు సెట్‌లో ఉన్నారా, లేరా?”

రాధాకృష్ణ నాలుగేళ్ల వయసులో డాక్టరు తండ్రితో ఇంగ్లండ్ చేరి, లీడ్స్‌లో పెరిగి, అక్కడే సినిమా దర్శకుడయ్యాడు. మొదటి సినిమాకే పెద్ద బహుమతి వచ్చింది. తర్వాత తీసిన ఆరూ వచ్చిన దారినే పోయాయి. అమెరికా వచ్చి ఇరవై ఏళ్లు ఎవరో మొదలుపెట్టిన టీవీ సీరియళ్లకు ఎపిసోడ్లు తీసి, ఇప్పుడు ప్లెయిన్స్‌బరోలో రిటైరై కూర్చున్నాడు. చెప్పుకోవడానికి ఆ మొదటి సినిమా ఒక్కటే మిగిలింది. ఈ పిల్ల సరిగ్గా దానికే ఎసరు పెట్టింది.

“తెలుగమ్మాయివని ఇంట్లోకి రానిచ్చా. నా గురించి రాస్తానంటే సంతోషించా. ఇదా నువ్వు రాసేది?”

“కెరీర్ మొత్తం రాస్తున్నా అంకుల్. ఇది కూడా కెరీరే కదా.”

ఆయన భార్య రాగిణి జంతికల పళ్లెం తెచ్చింది. భర్త మొహం చూసి కూడా చూడనట్టే కూర్చుంది. నలభై ఐదేళ్ల కాపురం మరి.

“తినమ్మా. ఇంతకీ పేపర్లో ఎప్పుడొస్తుంది? మావాళ్లందరికీ చెప్పుకోవాలి.”

“డేట్ మా చేతుల్లో లేదు ఆంటీ.”

“ఫోటో తీయరా? ఈయన కోటు ఇస్త్రీ కూడా చేయించా.”

“పాత ఫోటోలు ఉన్నాయి ఆంటీ. యంగ్‌గా ఉన్నవి. అవే వాడతారు.” నిధి గబగబా నోట్‌బుక్ తిప్పింది. “పిల్లలు ఇద్దరు, మనవలు ముగ్గురు. స్పెల్లింగ్స్ ఒకసారి చెక్ చేయండి.”

రాగిణి మురిసిపోతూ పేర్లన్నీ సరిచూసింది.

“పేర్లు తర్వాత!” రాధాకృష్ణ గద్దించాడు. “ఆ తొమ్మిది రోజులూ నాకు జ్వరం. హోటల్ గదిలోంచి నేను చెప్పా, హెలెన్ తీసింది. అంతే.”

“జ్వరం కాదు, తాగి పడుకున్నారని ఆవిడ చెప్పారు. మీరు ఫోన్ కూడా ఎత్తలేదట. క్లైమాక్స్ మొత్తం ఆవిడే తీశారట.”

“అది కడుపుమంట!”

“మరి ప్రైజ్ తీసుకున్నప్పుడు స్టేజ్ మీద ఆవిడ పేరు ఎందుకు చెప్పలేదు?”

రాగిణి నమలడం ఆపేసింది. ఈ సంగతి ఆమెకూ కొత్తే.

“ఆ ఒక్క ముక్క తీసెయ్,” ఆయన గొంతు తగ్గించాడు. “మిగతావి నువ్వెంత చెత్తగా రాసినా పడతా. అది పోతే నాకింక మిగిలేదేముంది?”

“తీయలేను అంకుల్. నిజం కదా.”

“అయితే నాకు చూపించి వెయ్యి.”

“ముందు ఎవరికీ చూపించం. రూల్.”

ఆ నిదానం చూసి ఆయనకు ఒళ్లు మండిపోయింది. “బొడ్డూడని పిల్లవి, నాకు రూల్స్ చెప్తావా? అది అచ్చు కానీ, మర్నాడే మీ పేపర్‌కి లాయర్ నోటీసు! నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా! ప్రతి టీవీలోనూ కూర్చుని నువ్వు అబద్ధాలకోరువని చెప్తా!”

“ఏమండీ, బీపీ...” అంది రాగిణి.

“నువ్వుండు! లే అమ్మాయ్, బయటికి నడు!”

నిధి బ్యాగు భుజాన వేసుకుని లేచింది. వచ్చేముందు వాళ్లమ్మ ఒకటే చెప్పింది: ఆ మాట మాత్రం పెద్దవాళ్ల ఇంట్లో నోటివెంట రానీయకు. గంటన్నరగా ఆ పిల్ల తిట్లు తిని కూడా నోరు జారలేదు. ఇప్పుడిక ఓపిక అయిపోయింది.

రాధాకృష్ణ గుమ్మం దాకా వెంటబడి అరిచాడు. “నేను బతికుండగా ఆ ముక్క అచ్చు కానివ్వను! గుర్తుపెట్టుకో!”

నిధి షూ లేసు కట్టుకుని తలెత్తి చూసింది.

“నేను రాసేది నివాళి వ్యాసం. అది వేసేదే మీరు పోయాక అంకుల్.”